రైల్వే నౌకరే కదా... కిరాయి యాడికి పోతది?

గంగారం నుంచి మానుకోటకు రావాలంటే కొత్తగూడ, గూడూరు దాటుకుని రావాలి. నెల మొదటి వారంలో ఆ బస్సెక్కే పెద్దావిడ ఒకామె ఉంది. ఒళ్లో చేతిసంచి, సంచిలో మనవరాలి పాత నోటుపుస్తకం. అందులో కిరాయి లెక్క రాసి ఉంటుంది. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే వసూలుకు తిరిగిన చార్జీలే ఒక నెల కిరాయి అయ్యేవి.

ఆమె భర్త పంతులుగా చేసి రిటైరయ్యాడు. ఆ డబ్బుతో మానుకోటలో రెండు పోర్షన్ల ఇల్లు కట్టాడు. ఇప్పుడాయన లేడు. వెనక పోర్షన్ ఖాళీగా ఉంచుకున్నారు, వచ్చిపోయేటప్పుడు ఉండడానికి. ముందు పోర్షన్ కిరాయికిచ్చారు. నెలకు 5,500. హన్మకొండలో చదువుకుంటున్న మనవరాలి హాస్టలు ఖర్చు ఆ డబ్బుతోనే గడవాలి.

కిరాయికి దిగినాయన రైల్వే ఉద్యోగి. ముప్ఫై ఏళ్లు దాటిన సర్వీసు. ఇల్లు అడగడానికి ముగ్గురు వచ్చారట. ఒకాయన కిరాణా కొట్టు, ఇంకొకాయన ప్రైవేటు స్కూల్లో సారు. ఆమె రైల్వే ఆయనకే ఇచ్చింది. "గవర్నమెంటు నౌకరి కదా బిడ్డా, ఒకటో తారీకు జీతం పడుతది, కిరాయి యాడికి పోతది అనుకున్న" అంది. కాగితం రాసుకోలేదు. ఒక నెల అడ్వాన్సు తీసుకుని తాళం చేతికిచ్చింది.

మొదటి ఏడాది బాగానే గడిచింది. తర్వాత ఒక నెల ఆలస్యం, ఆ తర్వాత రెండు నెలలది ఒకేసారి ఇస్తానన్న మాట. అట్లా పదకొండు నెలలు. ఆమె మా దగ్గరికి వచ్చేసరికి బాకీ 60,500 రూపాయలు. అడ్వాన్సు పోగా 55,000.

"పోయినప్పుడల్లా ఆయన భార్య 'రా పెద్దమ్మా, కూసో' అని కుర్చీ ఏస్తది, చాయ్ పోస్తది. ఇగ నోరెట్ల వస్తది?" అనడిగింది. దీనికి ఏ వకీలు దగ్గరా జవాబు లేదు. నా దగ్గర అసలే లేదు.

పోయినసారి వెళ్తే ఆయనే ఎదురొచ్చి చెప్పాడట. "అమ్మా, జూన్ ఆఖరుకు రిటైరైతున్న. పైసలు ఒక్కసారే వస్తయి. నీ బాకీ అణా పైసలతో సహా ఆ రోజే కట్టేస్త." ఆమెకు ఆ మాట కొండంత ధైర్యమిచ్చింది. "లక్షలొస్తయట గదా, నా యాభై ఐదు వేలు లెక్కనా?" అంది.

నాకు మాత్రం గుండె జారింది. ఈ వారం ఈ సంగతి ఎత్తుకోవడానికి కారణం ఆ మాటే.

అంత నమ్మకం ఎందుకంటే...

మన వైపు రైల్వే ఉద్యోగానికున్న విలువ ఈనాటిది కాదు. నిజాం కాలపు రైలు 1886లో వరంగల్ దాకా, 1888లో డోర్నకల్ దాకా, 1889లో బెజవాడ దాకా వచ్చింది. డోర్నకల్ నుంచి సింగరేణి బొగ్గుకు వేరే దారి పడింది. 1929లో కాజీపేట–బల్లార్షా లైను పూర్తయ్యాక కాజీపేట పెద్ద జంక్షనయింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. కాజీపేట, డోర్నకల్‌లలో రైల్వే జీతాల మీద వీధులకు వీధులే లేచాయి. క్వార్టరు దొరికినవాళ్లు క్వార్టర్లో, దొరకనివాళ్లు బయట కిరాయికి. పెళ్లి సంబంధాల్లోనే కాదు, ఇల్లు కిరాయికివ్వడంలో కూడా రైల్వే అంటే ఒక మెట్టు పైనే.

నమ్మకం తప్పేం కాదు. జీతం నిజంగానే నెలనెలా పడుతుంది. పైగా క్వార్టరు తీసుకోనివాళ్లకు ఇంటద్దె అలవెన్సు వేరేగా ఇస్తారు. 2024 జనవరి నుంచి మూల వేతనంలో పెద్ద నగరాల్లో 30 శాతం, వరంగల్ లాంటి చోట 20 శాతం, మానుకోట లాంటి ఊళ్లలో 10 శాతం. మూల వేతనం 49,000 అనుకుందాం. నెలకు 4,900 రూపాయలు ఇంటి కిరాయి పేరు మీదే ఆయన ఖాతాలో పడుతోంది. ఆమెకివ్వాల్సిన 5,500లో దాదాపు అంతా సర్కారే పంపుతోందన్నమాట.

మరి ఎక్కడ పోతోంది? ఆ ఇంటికి నేనూ ఒకసారి వెళ్లాను. ఆయన దాపరికం లేకుండా పే స్లిప్పు తెచ్చి చూపించాడు. సొసైటీ అప్పు కటింగు, బ్యాంకు అప్పు కిస్తీ, ఇన్సూరెన్సు. బిడ్డ పెళ్లికి చేసిన అప్పులివి. ఇవన్నీ పోయాకే మిగిలింది చేతికొస్తుంది. చేతికొచ్చిన దాంట్లో చిట్టీ, మందులు, కొడుకు కోచింగు. జీతం నుంచి నేరుగా కోసుకునేవాళ్లకు ఎన్నడూ బాకీ పడలేదాయన. చెయ్యి చాపి అడగాల్సిన వాళ్లిద్దరే, కిరాణా కొట్టాయన, ఇంటి ఓనరు. కిరాణా ఆయన రెండు నెలలు చూసి ఉద్దెర ఆపేశాడు. ఇంటి ఓనరమ్మ చాయ్ తాగి వెళ్లిపోయింది.

ఆయన చెడ్డవాడని నాకనిపించలేదు. కానీ పదకొండు నెలలుగా ఒక పిల్ల హాస్టలు ఖర్చుతో తన ఇల్లు నడుపుకుంటున్నాడు. ఆ మాట ఎవరూ ఆయనకు చెప్పలేదు.

జీతం చుట్టూ కంచె

"కేసేస్తే జీతంలోంచి కోసి ఇస్తరట గదా?" అని ఆమె అడిగింది. నిజమే. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 21, రూల్ 48 అని ఉంది. 1908 నాటి కోడ్ అది. ప్రభుత్వోద్యోగుల పక్కనే రైల్వే ఉద్యోగుల పేరూ అందులో విడిగా రాశారు. కోర్టు ఉత్తర్వు వెళితే జీతం ఇచ్చే అధికారి నెలనెలా కొంత ఆపి కోర్టుకు పంపాలి. ఉత్తర్వు ఉండగా దాన్ని పక్కనపెట్టి ఉద్యోగికే ఇచ్చేస్తే ఆ సొమ్ముకు రైల్వేనే బాధ్యురాలు. వినడానికి ఎంత బాగుందో చూడండి.

కానీ ఉత్తర్వు రావాలంటే ముందు డిక్రీ కావాలి. డిక్రీకి దావా వెయ్యాలి, నోటీసులు అందాలి, వాయిదాలు నడవాలి. అందుకు ఎన్నాళ్లు పడుతుందో కోర్టు మెట్లెక్కినవాళ్లనే అడగండి. డిక్రీ వచ్చాక అమలు పిటిషన్ మళ్లీ వేరే.

అదంతా దాటినా జీతం మొత్తం చేతికి చిక్కదు. సెక్షన్ 60 ప్రకారం మొదటి 1,000 రూపాయలు, మిగిలిన దాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. మిగతా మూడో వంతే జప్తుకు దొరుకుతుంది. 49,000 మూల వేతనంలో 1,000 తీసేస్తే 48,000. అందులో మూడో వంతు 16,000. ఇంకో అప్పులవాడు అంతకుముందే డిక్రీ తెచ్చుకుని ఆ మూడో వంతును పట్టుకుని ఉంటే, ఆయన లెక్క తీరేదాకా మీ ఉత్తర్వు తిరిగి కోర్టుకే వస్తుంది. ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలలు జప్తు నడిస్తే ఆ తర్వాత ఆ డిక్రీకి ఆ జీతం ఇక దొరకదు.

ఇంకో విచిత్రం. ఇంటద్దె అలవెన్సు, కరువు భత్యం లాంటివి జప్తు లెక్కలోకి రావు. అంటే ఇంటి కిరాయి కట్టుకోమని సర్కారిచ్చే డబ్బును, కిరాయి రాని ఇంటి యజమాని మాత్రం కోర్టుకెళ్లినా తాకలేడు! ఇది చెబితే పెద్దావిడ నన్ను అనుమానంగా చూసింది, ఈ పిల్లగాడికి తెలిసే చెబుతున్నాడా అన్నట్టు.

ఇంత కంచె ఊరికే కట్టలేదు. ఒకప్పుడు జీతాలు చేతికి రొక్కంగా ఇచ్చేవారు. బట్వాడా రోజున వడ్డీ వ్యాపారులు ఫ్యాక్టరీ గేటు దగ్గరే కాపు కాసేవారు. కూలీ చేతిలో పడిన డబ్బు ఇంటిదాకా వచ్చేది కాదు. 1929లో వేసిన రాయల్ కమిషన్ ఈ అప్పుల బాధ గురించి 1931 నివేదికలో వివరంగా రాసి, జీతాల జప్తుకు హద్దులు పెట్టాలని చెప్పింది. ఉద్యోగి పిల్లలు పస్తులుండకూడదని కట్టిన కంచె అది. దాన్ని తప్పుపట్టలేం. అయితే ఆ కంచెకు అవతల నిలబడేది ప్రతిసారీ వడ్డీ వ్యాపారే కాదు. గంగారం నుంచి బస్సెక్కి వచ్చిన పెద్దావిడ కూడా అక్కడే నిలబడాలి.

జూన్ ఆఖరు తర్వాత?

జీతం ఉన్నన్నాళ్లు ఆ మూడో వంతన్నా ఉంటుంది. రిటైరైన రోజుతో అదీ ఆగిపోతుంది.

రైల్వేలో రిటైరయ్యే రోజున దండలు వేసి, సెటిల్మెంట్ కాగితాలు చేతిలో పెడతారు. గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండ్, పెన్షన్. వీటిలో దేన్నీ బయటి అప్పులవాళ్లు జప్తు చేయించలేరని అదే సెక్షన్ 60 చెబుతుంది. ఒక చిట్‌ఫండ్ సంస్థ ప్రభుత్వోద్యోగి ప్రావిడెంట్ ఫండు సొమ్ము కోసం పోరాడితే, ప్రభుత్వం చేతిలో ఉన్నంతవరకు దాన్ని ముట్టుకోరాదని సుప్రీంకోర్టు 1976లో జ్యోతి చిట్‌ఫండ్ కేసులో తేల్చింది. 2008లో రాధేశ్యామ్ గుప్తా కేసులో ఇంకా ముందుకెళ్లి, పెన్షన్, గ్రాట్యుటీ డబ్బు బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్టుగా మారినా రక్షణ పోదంది.

ఇక మిగిలేది ఆయన పేరు మీద ఇల్లో, జాగానో, బండో ఉంటే దాని మీదికి వెళ్లడం. ఈయనకు బండి ఉంది. పాతది.

అందుకే "రిటైర్మెంట్ పైసలు రాగానే" అన్న మాటకు నాకు గుండె జారింది. ఆయన మోసం చేసే ఉద్దేశంతో అన్నాడని కాదు. వినడానికి అన్నిటికంటే గట్టిగా ఉన్న ఆ హామీయే, చట్టం దృష్టిలో అన్నిటికంటే ఉత్తది. ఆ రోజు ఆయన మనసు మారితే, లేదా ఆ డబ్బుకు ఇంట్లో ఇంకో పెద్ద అవసరం ముందుకొస్తే, ఆమెకు పట్టుకోవడానికి కొసే ఉండదు.

ఇదే ఉద్యోగి ఒకవేళ రైల్వే క్వార్టరులో ఉండి కిరాయి బాకీ పడ్డాడనుకోండి. మామూలుగా అసలు బాకీ పడడు, జీతంలోనే కోసుకుంటారు. రిటైరయ్యాక ఖాళీ చెయ్యకపోతే? 1993 నాటి రైల్వే పెన్షన్ రూల్స్ ప్రకారం క్వార్టరు బాకీని గ్రాట్యుటీలోంచే పట్టుకోవచ్చు. ఖాళీ చెయ్యనని మొండికేస్తే 1989 రైల్వే చట్టం సెక్షన్ 190 కింద మేజిస్ట్రేటు దగ్గరికెళ్లి పోలీసుల సాయంతో స్వాధీనం చేసుకోవచ్చు. ఇంటి ఓనరు రైల్వే అయితే ఒక దారి, గంగారం అవ్వ అయితే ఇంకో దారి.

ఏం చేశామంటే

ఆమె అప్పటికే పోలీసు స్టేషనుకు వెళ్లొచ్చింది. "ఇది మా పని కాదమ్మా, సివిల్ కేసు" అన్నారట. అది నిజమే. కిరాయి కట్టకపోవడం దానికదే నేరం కాదని, కావాలంటే సివిల్ కోర్టుకు వెళ్లాలని సుప్రీంకోర్టు 2022లో నీతూ సింగ్ కేసులో చెప్పింది. తాళం వేసేద్దామని, కరెంటు పీకేద్దామని ఆమె మేనల్లుడు ఉత్సాహపడ్డాడు. వద్దన్నాను. చట్టప్రకారం కాకుండా వెళ్లగొడితే ఆర్నెల్లలోపు దావా వేసి కిరాయిదారు మళ్లీ లోపలికి రావచ్చు. అప్పుడు బాకీ పోయి కేసు మన నెత్తిన పడుతుంది.

ఆయన పై అధికారికి ఫిర్యాదు పెడదామన్నారు ఇంకెవరో. 1966 నాటి రైల్వే కాండక్ట్ రూల్స్‌లో 17వ రూలు ఉన్నమాట వాస్తవం. ఉద్యోగి ఎప్పుడూ అప్పుల్లో మునిగే స్థితి తెచ్చుకోకూడదని, బాకీ కోసం కోర్టులో కేసు పడితే వెంటనే పైవాళ్లకు తెలపాలని అందులో ఉంది. ఆ భయం పనిచేసినచోట పనిచేస్తుంది. కానీ రైల్వే మన తరఫున వసూలు చేసిపెట్టదు. రిటైర్మెంటుకు నాలుగడుగుల దూరంలో ఉన్నవాడి మీద ముందే ఫిర్యాదు పెడితే మాట కుదిరే దారి మూసుకుపోతుందనిపించింది. ఆఖరి అస్త్రంగా ఉంచుకుందామన్నాను. ఇది నా అభిప్రాయం, వేరేవాళ్లు ఒప్పుకోకపోవచ్చు.

ముందు కాగితం తయారు చేశాం. నోటుపుస్తకం లెక్కకు ఆమె ఫోనుపే పద్దులు, బ్యాంకు స్టేట్‌మెంట్ కలిపి చూస్తే ఏ నెల వచ్చిందో ఏ నెల రాలేదో తేలింది. కిరాయి బాకీకి మూడేళ్ల గడువు ఉంటుంది, ఏ నెల కిరాయికి ఆ నెల నుంచే లెక్క. బాకీ ఉన్నానని ఆ గడువులోగా రాసి సంతకం పెడితే మళ్లీ కొత్తగా మూడేళ్లు. పదకొండు నెలలే కాబట్టి ఆ చిక్కు లేదు. కానీ ఆ సంతకం కావాలి.

తర్వాత ఇల్లు. 1960 నాటి రెంట్ కంట్రోల్ చట్టం కిందికి వస్తుందా అని చూశాం. 2005 సవరణతో కార్పొరేషన్లలో 3,500, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటిన కిరాయిలు ఆ చట్టానికి బయటికి వెళ్లాయి. 5,500 కాబట్టి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 ప్రకారం పదిహేను రోజుల నోటీసు సరిపోతుంది. (ఇదే ఇల్లు గంగారంలో ఉంటే కథ వేరు. ఏజెన్సీలో భూ బదలాయింపు నిబంధనల కిందికి లీజులు కూడా వస్తాయి. అది ఇంకో వారం.)

వకీలు ఫీజు అనగానే పెద్దావిడ లేచి నిలబడింది. కూర్చోబెట్టి చెప్పాను. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఆమె కోయ ఇంటి మనిషి. ఒకటికి రెండు అర్హతలున్నాయి. కేసు వెయ్యకముందే లోక్ అదాలత్‌కు వెళ్లే వీలుంది. అక్కడ ఇద్దరూ ఒప్పుకుని సంతకాలు పెడితే ఆ అవార్డుకు కోర్టు డిక్రీకున్న విలువే ఉంటుంది. అప్పీలు ఉండదు. అంటే ఏళ్ల తరబడి తిరిగి తెచ్చుకోవాల్సిన డిక్రీ, మాట కుదిరితే అంత తిరుగుడు లేకుండానే చేతికొస్తుంది. జీతం ఇంకా ఉండగానే.

నోటీసు అందగానే ఆయన ఫోన్ చేశాడు. కోపంగా కాదు, చిన్నబోయి. "కోర్టు దాకా ఎందుకమ్మా, నేనేమన్న పారిపోతున్ననా?" అని. ఆమె ఫోను నా చేతికివ్వబోయి, మళ్లీ తానే తీసుకుని చెప్పింది. "నువ్వు పారిపోతవని కాదు సారూ. నా మనవరాలు హాస్టల్ల సిగ్గుపడి అన్నానికి పోతలేదట. గది నీకు చెప్పాలె అనుకున్న, చాయ్ తాగి మర్చిపోతున్న."

అవతలినుంచి చాలాసేపు మాట రాలేదు.

ఫిబ్రవరిలో కూర్చున్నారు. 55,000ను ఐదు కిస్తీలుగా చేశారు. ఫిబ్రవరి జీతం నుంచి జూన్ జీతం దాకా నెలకు 11,000. రిటైర్మెంట్ సొమ్ముతో ముడిపెట్టకుండా, జీతం పడ్డ మూడు రోజుల్లోగా ఆమె ఖాతాలో వెయ్యాలి. ఒక్క కిస్తీ తప్పినా మిగిలిందంతా ఒకేసారి కట్టాలి. ఇల్లు మార్చి ఆఖరుకు ఖాళీ చెయ్యాలి, అప్పటిదాకా నడిచే కిరాయి వేరు. వడ్డీ అడగమని ఎవరో అంటే ఆమె వద్దంది. నాకది నచ్చలేదు గానీ, డబ్బు ఆమెది.

ఆయన చిన్న ఇంటికి మారాడు. రెండు గదులు, స్టేషనుకు కాస్త దూరం. సామాను తీసే రోజు ఆమె వచ్చింది. ఆయన భార్య ఖాళీ ఇంట్లో కుర్చీ లేక గడప మీదే కూర్చోబెట్టి, పక్కింటి నుంచి చాయ్ తెప్పించింది. మూడు కిస్తీలు పడ్డాయి. నాలుగోది రెండు రోజులు ఆలస్యమైతే ఈసారి ఆమే ఫోన్ చేసి అడిగిందట. సాయంత్రానికల్లా పడింది.

ముందు పోర్షన్ మళ్లీ కిరాయికి పెట్టారు. మొన్న చూడ్డానికి వచ్చినాయన కూడా రైల్వేనే. ఈసారి పదకొండు నెలల అగ్రిమెంటు, రెండు నెలల అడ్వాన్సు, ఐదో తారీకు దాటితే ఫోను. కాగితం మీద సంతకం పెడుతూ ఆయన "ఎందుకమ్మా ఇదంతా, మాది గవర్నమెంటు నౌకరే కదా" అన్నాడట.

"అందుకే బిడ్డా, నీకు పెన్ను నేనే తెచ్చిన" అందట పెద్దావిడ.